బహిష్కరణ బావ

మా బావ ఈ జన్మలో క్షమించనివాళ్లు రెండే రకాలు. వీడియో గేములు అమ్మే కంపెనీలు, తను ఓటేసి గెలిపించిన నాయకులు. తను కొనని గేము ఎంత చెత్తగా ఉన్నా ఆయనకి పట్టదు. తను ఓటెయ్యని నాయకుడు ఏం చేసినా "వాడి సంగతి తెలిసిందేగా" అని తేల్చేస్తాడు. కోపమంతా తన డబ్బూ తన ఓటూ పుచ్చుకున్నవాళ్ల మీదే. ఆ రెండూ ఆయన అందరికంటే ముందు వెళ్లి ఇచ్చి వస్తాడు కాబట్టి ఆ ఇంట్లో కోపానికి ఎన్నడూ కొరత రాలేదు.

వయసు నలభై నాలుగు. సొంతూరు కృష్ణ ఒడ్డున, గుంటూరు వైపు. హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం, కూకట్‌పల్లిలో మూడు పడగ్గదుల ఫ్లాటు. ఆ మూడో గదిని బావ "ఆఫీసు రూము" అంటాడు, అక్క "ఆ గుహ" అంటుంది. లోపల రేసుకారులోంచి ఊడదీసుకొచ్చిన కుర్చీ లాంటిది ఒకటుంది. దాని ధరలో సగమే అక్కకి చెప్పాడు. మిగతా సగం నాకు తెలుసు గనక బావ నా మాట ఎప్పుడూ కాదనడు. కీబోర్డు కిందా, మౌసు కిందా, కంప్యూటరు పెట్టె లోపలా రంగురంగుల లైట్లు వెలుగుతూ ఆరుతూ ఉంటాయి. గదిలో ఉండాల్సిన ట్యూబులైటు మటుకు కాలిపోయి చాలాకాలమైంది.

శనివారం రాత్రి వాళ్లింట్లో భోజనానికి కూర్చుంటే పప్పు దగ్గర కంపెనీలతో మొదలెట్టి, పెరుగు దగ్గరికొచ్చేసరికి ప్రభుత్వాల్లో తేలతాం.

మా తాతయ్య ఏ కబురు చెప్పినా "ఉప్పెనకి ముందు", "ఉప్పెన తర్వాత" అనేవాడు. 1977 నవంబరు నాటి దివిసీమ ఉప్పెన ఆయన కాలాన్ని రెండు ముక్కలు చేసింది. బావ కాలాన్ని రెండు ముక్కలు చేసింది ఒక గుర్రం. 2006 ఏప్రిల్లో బెథెస్డా అనే అమెరికా కంపెనీ తన 'ఆబ్లివియన్' గేములో గుర్రానికి తొడిగే కవచాన్ని విడిగా అమ్మకానికి పెట్టింది. ధర రెండున్నర డాలర్లు, అప్పటి మారకంలో నూట పది రూపాయల చిల్లర. అంతకుముందూ గేములకి అదనపు భాగాలు అమ్మేవారు గానీ, అవి కొత్త ఊళ్లతో కొత్త కథలతో రోజుల తరబడి ఆడుకునేవి. ఇది ఉత్త అలంకారం. జనం నవ్వారు, తిట్టారు. కొన్నారు కూడా.

"కొన్నారు చూడు, అక్కడే చెడింది" అంటాడు బావ, అన్నం కలపడం ఆపి. "ఆ రోజు ఒక్కడూ కొనకుండా ఉంటే ఇవాళ ఈ దరిద్రం ఉండేది కాదు."

పంతొమ్మిదేళ్ల తర్వాత, 2025 ఏప్రిల్లో, అదే గేముకి కొత్త హంగులు దిద్ది మళ్లీ విడుదల చేశారు. ఎక్కువ ధర పెట్టి కొనే డీలక్స్ ఎడిషన్లో సరికొత్త గుర్రపు కవచం! కంపెనీవాళ్లకి చరిత్ర తెలుసన్నమాట. బావకీ తెలుసు. ఆయన ఏ ఎడిషన్ కొన్నాడని నన్నడక్కండి, అక్క కూడా అడగలేదు.

ఆయన చెప్పే స్వర్ణయుగం ఇంజనీరింగు రోజులు. "యాభై రూపాయలకి సీడీ, సీడీలో ఆటంతా! సీజన్ పాసు లేదు, లాగిన్ లేదు, ఇంటర్నెట్టు అక్కర్లేదు. పదేళ్లు పోయాక పెట్టినా ఆడేది. నిజాయితీగా అమ్మేవాళ్లురా అప్పుడు." ఆ నిజాయితీపరుడు ఫుట్‌పాత్ మీద పట్టా పరిచి కూర్చునేవాడు. పోలీసు జీపు కనబడితే నాలుగు కొసలూ మూటగట్టి సందులోకి పరుగెత్తేవాడు. ఆ యాభైలో 'వైస్ సిటీ' గేము తయారుచేసినవాళ్లకి నయాపైసా చేరలేదని నేనంటే బావ చిన్నబుచ్చుకుంటాడు. "అది వేరు. అప్పుడు మనం స్టూడెంట్లం."

ఇప్పుడు స్టూడెంట్లం కాదు. నెల తిరిగేసరికి జీతం పడుతుంది. మోసపోవడానికి కావలసిన స్తోమత వచ్చింది.

ప్రీఆర్డర్ అంటే బావకి పరమ అసహ్యం. ఆ విషయం మీద ఆయన వాదన వినితీరాలి. గేముని డబ్బాలో పెట్టి షాపులో అమ్మే రోజుల్లో సరుకు అయిపోతుందేమోనని ముందుగా చెప్పి ఉంచుకునేవాళ్లు, అందులో అర్థముంది. ఇప్పుడంతా డౌన్‌లోడ్. ఎంతమంది దించుకున్నా తరిగే సరుకు కాదు. అలాంటిదానికి ఆర్నెల్ల ముందు డబ్బు కట్టడమేమిటి? ఇంకా బయటికి రాలేదు, ఎవడూ ఆడి చూడలేదు, ఎలా ఉంటుందో చేసేవాడికే తెలీదు. "రెండు నిమిషాల ట్రైలరు చూసి అయిదువేలు కట్టేవాణ్ణి ఏమనాలిరా?" అని అడుగుతాడు. ఏమనాలో మా అందరికీ నోటి చివరే ఉంటుంది. పెద్దవాడు కదా అని ఊరుకుంటాం.

ఎందుకంటే ఆయన కడతాడు. ప్రతిసారీ ఒకటే మాట: "ఈసారి వేరురా." ఈ టీము వేరు, ఈ డైరెక్టరు వేరు, వీళ్లకి ఆడేవాళ్ల కష్టం తెలుసు. పైగా ముందే కడితే బంగారు రంగు తుపాకీ ఉచితం. ఇంకో రెండు వేలు వేస్తే అందరికంటే మూడు రోజులు ముందు ఆడనిస్తారు. గేము సిద్ధంగానే ఉంది, తక్కిన జనాన్ని మూడు రోజులు గుమ్మం బయట నిలబెట్టడానికి ఆ రెండు వేలు. ఈ సంగతి నాకు విడమరిచి చెప్పింది కూడా బావే. చెప్పింది ఆ మూడు రోజుల్లో రెండో రోజున, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని.

ఎన్నికల్లోనూ ఇదే వరస. 2024 మే 13 పోలింగుకి బావ హైదరాబాదు నుంచి కారులో బయల్దేరాడు, నేనూ వెంట వెళ్లాను. ఆ వారాంతం విజయవాడ రోడ్డు మీద ఊళ్లకి పోయే కార్లు టోల్‌గేట్ల దగ్గర ఎలా బారులు తీరాయో ఆంధ్రా ఓటున్న హైదరాబాదు వాళ్లందరికీ గుర్తే. కదలని ఆ బారులో కూర్చుని బావ ఓట్లు అమ్ముకునే జనాన్ని దులిపేశాడు. "అయిదొందల కాయితానికీ క్వార్టరు సీసాకీ అయిదేళ్లు రాసిచ్చేస్తారు! ఇదేం జనంరా!" సూర్యాపేటలో టీ తాగుతూ కూడా అదే. ఎడంచేతిలో టీ గ్లాసు, కుడిచేతిలో ఫోను. ఫోనులో బంగారు రంగు తుపాకీ వచ్చే గేముకి డబ్బు కట్టిన రసీదు.

అంతకుముందెప్పుడో ఆయన ఓటేసిన పెద్దమనిషి ఒక గుర్తు మీద గెలిచి, ఏడాదైనా కాకుండా ఇంకో పార్టీ కండువా కప్పుకున్నాడు. బావ అన్నం మానేశాడు, ఒక పూట. "ట్రైలర్లో ఒక గుర్తు, రిలీజులో ఇంకో గుర్తు!" ఇలాంటివాళ్ల కోసమే 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం తెచ్చి రాజ్యాంగానికి పదో షెడ్యూలు తగిలించారు. అనర్హుడో కాదో తేల్చాల్సింది స్పీకరు. ఎన్నాళ్లలో తేల్చాలో మటుకు ఆ షెడ్యూల్లో రాయలేదు. గేము కంపెనీలు కూడా లోపాలు ఎప్పుడు సరిచేస్తారంటే "త్వరలో" అంటాయి తప్ప తేదీ చెప్పవు. ఈ పోలిక కనిపెట్టాక బావ మనసు కొంత కుదుటపడి రాత్రికి భోంచేశాడు.

నాకు అర్థమైనంతలో బావని ఎవరూ మోసం చెయ్యలేదు. ఆయన కొనేదే కోపాన్ని. గేము ఒక వారం ఆడతాడు, దాన్ని ఆర్నెల్లు తిడతాడు. రూపాయికి ఎన్ని గంటలు గిట్టాయని చూస్తే తిట్టే గంటలే చవక.

కానీ ఆ కోపం నిలకడగా ఉంటే బాగుండేది. 2020లో వచ్చిన 'సైబర్‌పంక్ 2077' సంగతే తీసుకోండి. పోలెండు కంపెనీ సీడీ ప్రాజెక్ట్ రెడ్ తయారుచేసింది. ఏప్రిల్ అన్నారు, సెప్టెంబరుకి జరిపారు, నవంబరన్నారు, చివరికి డిసెంబరు 10న వదిలారు. వదిలేలోపే 80 లక్షల మంది డబ్బు కట్టేశారు. పాత ప్లేస్టేషన్లలో అది ఎంత అధ్వానంగా నడిచిందంటే, వారం గడిచేసరికి సోనీ తన దుకాణంలోంచే దాన్ని తీసేసి అడిగినవాళ్లకి డబ్బు వాపసిస్తామంది. ఆర్నెల్ల తర్వాతగాని మళ్లీ పెట్టలేదు. తర్వాత ఏళ్ల తరబడి మరమ్మతులు చేసి 2023 నాటికి దాన్ని మంచి గేము చేశారు. 2016లో 'నో మ్యాన్స్ స్కై' కథా అంతే. వచ్చిన రోజున చెప్పినవాటిలో చాలా లేవు, ఆ తర్వాత ఏటా ఉచితంగా ఏదో ఒకటి కలుపుతూ వచ్చారు. ఆ రెండో సగం విన్నప్పుడల్లా బావ కరిగిపోతాడు. "చూశావా, చివరికి నిలబెట్టుకున్నారు. మనుషులంటే అలా ఉండాలి."

ముందు అమ్ముకుని తర్వాత పూర్తిచెయ్యొచ్చని మిగతా కంపెనీలు ఆ కరుగుదల చూసే నేర్చుకున్నాయని నా అనుమానం. ఇదే బావ, నాలుగేళ్లు గుంతల్లో పడేసి అయిదో ఏట తారు పోస్తే ఓట్లేసే జనానికి బుద్ధి లేదంటాడు.

ఆయనకి అన్నిటికంటే ఇష్టమైన కథ సంచి కథ. పండగలకి బంధువులొస్తే తప్పకుండా చెబుతాడు. 2018లో బెథెస్డా వారే 'ఫాల్అవుట్ 76'కి రెండొందల డాలర్ల ప్రత్యేక ఎడిషన్ అమ్మారు. శిరస్త్రాణం, మ్యాపు, బొమ్మలు, వాటన్నిటినీ వేసుకోవడానికి క్యాన్వాస్ సంచి. తీరా పార్సిలు విప్పితే పల్చటి నైలాన్ సంచి వచ్చింది. ఇదేమిటని అడిగితే క్యాన్వాస్ దొరకలేదన్నారు. పరిహారంగా గేములో చెల్లే నాణేలు అయిదొందలు ఇస్తామన్నారు, అంటే అయిదు డాలర్ల విలువ. ఆ అయిదొందలతో గేము లోపల అమ్మే బొమ్మ సంచి కూడా రాదని జనం లెక్కతీసి చూపించారు. గొడవ ముదిరాక అసలు సంచులు కుట్టించి పంపారు. ఇక్కడికొచ్చేసరికి బావకి నవ్వి నవ్వి పొలమారుతుంది, అక్క నెత్తిన తడుతుంది. పార్సిలు మనింటికి వచ్చినప్పుడైతే ఇంత నవ్వు రాదు.

లూట్ బాక్సుల దగ్గర మటుకు బావ నవ్వడు. డబ్బు కట్టి పెట్టె తెరవాలి, లోపల ఏముందో మన అదృష్టం. 2017 చివర్లో ఈఏ కంపెనీ 'స్టార్ వార్స్ బాటిల్‌ఫ్రంట్ 2'లో పూర్తి ధరకి గేము అమ్మి, పేరున్న వీరుల్ని తాళమేసి లోపల దాచి, తొందరున్నవాళ్లు డబ్బుపెట్టి పెట్టెలు తెరుచుకునే ఏర్పాటు చేసింది. కష్టపడి గెలుచుకుంటే గర్వంగా ఉంటుందని సంజాయిషీ రాస్తే, దానికి ఆరు లక్షల పైచిలుకు నాపసందు ఓట్లు పడి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. మరుసటి ఏడు బెల్జియం ప్రభుత్వం ఇలాంటి పెట్టెలు జూదమేనని తేల్చింది. 2019లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు ఈఏ ప్రతినిధి, ఇవి పిల్లలు కొనుక్కునే బొమ్మ దాచిన చాక్లెట్ గుడ్ల లాంటివేనని వాదించారు. "మన దగ్గర తెలంగాణ 2017లో, ఆంధ్రా 2020లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. పేకముక్కకి కేసు, పెట్టెకి రసీదు!" అని బావ చెయ్యి విదిలిస్తాడు. ఏటా వచ్చే ఒక ఫుట్‌బాల్ గేములో ఆటగాళ్ల కార్డుల ప్యాకెట్లు ఆయన కూడా తెరుస్తాడు. అది పరిశోధన.

"బెల్జియంలో పుట్టాల్సిందిరా" అన్నాడొకసారి, గోంగూర పచ్చడిలో ఉల్లిపాయ నంజుకుంటూ.

అక్క బ్యాంకులో పనిచేస్తుంది, అనవసరంగా మాట్లాడదు. "అక్కడ ఓటెయ్యకపోతే జరిమానా వేస్తారటండీ" అంది.

"నాకేం భయం? నేను ప్రతిసారీ వేస్తానుగా!"

"వేస్తారు. ఆ తర్వాత అయిదేళ్లు జరిమానా మాకు."

వాపసు విషయంలో బావకో గొప్ప రాజ్యాంగ సవరణ ఉంది. గేములమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో 2015 నుంచి ఒక సదుపాయం: కొన్న పద్నాలుగు రోజుల్లోపు, రెండు గంటలకి మించి ఆడకపోతే, కారణం చెప్పక్కర్లేకుండా డబ్బు వెనక్కిస్తారు. ఎమ్మెల్యేలకీ ఇది పెట్టాలంటాడు. ప్రమాణస్వీకారం అయిన పద్నాలుగు రోజుల్లో నచ్చకపోతే వెనక్కి. వినడానికి బాగానే ఉంది. చిక్కేమిటంటే బావ ఇంతవరకూ ఒక్క గేము వాపసివ్వలేదు. తెరవగానే నీడలు ఎంత చిక్కగా ఉండాలి, గడ్డి ఎంత దట్టంగా ఉండాలి అని సెట్టింగులు సరిచెయ్యడం మొదలెడతాడు. గడ్డి నచ్చేసరికి గంటా యాభై నిమిషాలవుతుంది. మిగిలిన పది నిమిషాల్లో గేము మంచి చెడ్డలు తేలవు. అందుకని ఇంకో గంట ఆడి చూస్తాడు. గడువు దాటిపోయాక తిట్టడం మొదలుపెడతాడు.

ఈమధ్య బెంగ ఇంకోటి పట్టుకుంది. కొన్న గేము మనది కాదట. 2014లో యూబీసాఫ్ట్ వదిలిన 'ద క్రూ' అనే కార్ల గేము, డబ్బుపెట్టి కొన్నవాళ్లకి కూడా 2024 మార్చి 31 తర్వాత తెరుచుకోలేదు. సర్వర్లు ఆపేశారు, ఒక్కడే కూర్చుని ఆడుకుందామన్నా వీల్లేదు. దాంతో రేగిన నిరసన ఐరోపా సమాఖ్యలో పౌరుల విజ్ఞాపన దాకా వెళ్లి 2025 జులైకి పది లక్షల సంతకాలు దాటింది. అందులో ఒకటైనా తన ఖాతాలో పడాలని బావ ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్న వాళ్ల పెదనాన్న కొడుక్కి ఫోన్ చేశాడు. "అన్నయ్యా, దీనికి ఇక్కడి పౌరసత్వం ఉండాలి. నాది ఇంకా వర్క్ పర్మిట్టే" అన్నాడతను. బావ ఆ వారమంతా జర్మనీ వలస విధానాన్ని తిట్టాడు. కాలిఫోర్నియాలో అయితే 2025 జనవరి నుంచి ఒక చట్టం అమల్లో ఉంది: ఇచ్చేది లైసెన్సు మాత్రమే అయినప్పుడు ఆ ముక్క కొనేవాడికి స్పష్టంగా చెప్పాలి. స్టీమ్ ఇప్పుడు డబ్బు కట్టే చోట ఆ సంగతి రాస్తోంది. బావ దాన్ని ప్రతిసారీ చదువుతాడు, పళ్లు కొరుకుతాడు, కింద బొత్తాం నొక్కుతాడు. ఆయన ఖాతాలో మూడొందల పైచిలుకు గేములున్నాయి. సగానికి పైగా ఒక్కసారీ తెరవలేదు. సర్వర్లు ఎవరైనా ఆపేసినా ఆయనకి తెలిసే అవకాశం తక్కువ.

మేనల్లుడికి పద్నాలుగేళ్లు. వాడు ఫోనులో ఉచితంగా దొరికే కాల్పుల గేము ఆడతాడు. 2020 సెప్టెంబరులో పబ్‌జీని కేంద్రం నిషేధించినప్పుడు వాడి ఈడు పిల్లలు దేశమంతా ఏడ్చారు. వీడు వేరే గేముకి మారిపోయాడు. మొన్న పుట్టినరోజు డబ్బుల్లోంచి రెండొందలు పెట్టి గేములోని మనిషికి ఎర్రజాకెట్టు కొన్నాడు. బావ నిప్పులు చెరిగాడు. "తొడుక్కోడానికి లేదు, తాకడానికి లేదు, లేని చొక్కాకి డబ్బు తగలేస్తావట్రా? గుర్రపు కవచం కథ నీకెన్నిసార్లు చెప్పాను?"

వాడు ఫోనులోంచి తలెత్తలేదు. "నాన్నా, నేను ఏడాది ఆడాక కొన్నా. నువ్వు కొని ఏడాదైనా ఆడలేదు."

ఆ రాత్రే బావ ఉద్యమంలోకి దిగాడు. పాత ఇంజనీరింగు స్నేహితులు ముప్ఫైమందితో వాట్సప్ గ్రూపు పెట్టాడు. పేరు 'నో ప్రీఆర్డర్ సంఘం'. నియమం ఒక్కటే: ఎవడూ ముందుగా డబ్బు కట్టకూడదు, కట్టినవాణ్ణి తీసేస్తారు. నాకు గేములు రాకపోయినా సాక్షిగా చేర్చాడు. ఇలాంటి సంఘాలకి ఒక పూర్వచరిత్ర ఉందని చెప్పి చూశాను. 2009లో 'మోడర్న్ వార్‌ఫేర్ 2' మీద అలిగి స్టీమ్‌లో పెద్ద బహిష్కరణ సంఘం కట్టారు. గేము విడుదలైన రోజున ఎవరో ఆ సంఘం సభ్యుల జాబితా తెరిచి చూస్తే, వరసగా పేర్ల పక్కన ఎవరేం ఆడుతున్నారో కనబడింది. చాలామంది అదే గేములో ఉన్నారు. ఆ జాబితా ఫొటో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

"వాళ్లకి నాయకత్వం లేదు" అన్నాడు బావ.

ఇక్కడ ఉంది. అనంతపురం నుంచి అట్లాంటా దాకా ఉన్న ఆ ముప్ఫైమందిలో మొదటి నెలలోనే ఆరుగురిని బావ స్వహస్తాలతో తీసేశాడు. ఒకడు డీలక్స్ ఎడిషన్ ఫొటో పొరపాటున ఇదే గ్రూపులో పెట్టాడు. ఇంకొకడి భార్య మా అక్కకి ఫోనులో చెప్పేసింది. తీసేసినవాళ్లంతా కలిసి వేరే గ్రూపు పెట్టుకున్నారు. అందులో బావ కూడా ఉన్నాడు, అవతలి పక్షం ఏమనుకుంటోందో తెలుసుకోవాలి కదా.

ఇప్పుడు సంఘం చూపంతా 'జీటీఏ 6' గేము మీద ఉంది. 2023 డిసెంబరులో మొదటి ట్రైలరు వచ్చినప్పుడు 2025 అన్నారు. తర్వాత 2026 మే 26 అన్నారు. ఆనక నవంబరు 19కి జరిపారు. ఇంకో కంపెనీ అయితే బావ ఈపాటికి ఉతికి ఆరేసేవాడు. "జరిపారంటే శ్రద్ధగా చేస్తున్నారన్నమాట. ఈసారి వేరురా" అన్నాడు. అని, నాలిక్కరుచుకుని, ధర ఎంతైనా మొదటి నెల ఎవరూ కొనకూడదని గ్రూపులో తీర్మానం పెట్టాడు. బొటనవేళ్లు టపటపా లేచాయి.

పోయిన శనివారం భోజనాల దగ్గర అక్క ఆయన ఆఫీసు సెలవుల పట్టిక చేత్తో పట్టుకుని కూర్చుంది. నవంబరు 19 గురువారం, 20 శుక్రవారం, రెండు రోజులూ సెలవు.

"ఇదెందుకండీ?"

"మనవాళ్లలో ఎవడెవడు కొంటాడో కనిపెట్టొద్దూ?"

"దానికి సెలవెందుకు? ఫోన్ చేసి అడగండి."

"అడిగితే చెబుతారటే?" అన్నాడు బావ, మజ్జిగ వంపుకుంటూ. "ఎవడెవడు ఆడుతున్నాడో తెలియాలంటే మనమూ లోపలుండాలి."